చెరుకుబళ్ళ ఊళ్ళో మాట్లాడని మేనకోడలు

మా తెనాలిలో ఎవరైనా కాశీ వెళ్ళొస్తే గంగ చెంబు తెస్తారు, తిరుపతి వెళ్ళొస్తే లడ్డు తెస్తారు. నేను మాత్రం అరవై నాలుగు మాఘమాసంలో బోధన్ వెళ్ళి ఒక పిల్లను తెస్తానని బయలుదేరాను. పది రోజులు సెలవు పెట్టి, ఒకటో తరగతి పిల్లల్ని పక్క తరగతి పంతులుగారికి అప్పజెప్పి, రైలెక్కాను.

ఆ పిల్ల నా మేనకోడలు లలిత. నాలుగున్నరేళ్ళు. మా తమ్ముడు రామ్మూర్తి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేస్తాడు. చక్కెరలో కల్తీ ఉందా, మడ్డి ఉందా, రంగు తేలిందా లేదా అని గాజు గొట్టాల్లో పోసి చూడడం వాడి ఉద్యోగం. వాడు రాసిన ఉత్తరం ఇది: "అక్కయ్యా, లలిత ఆరు నెలలుగా ఇంట్లో నోరు విప్పడం లేదు. ఇక్కడ నాలుగు దిక్కులా నాలుగు రకాల మాటలు. ఉర్దూ, మరాఠీ, ఇక్కడి తెలుగు, మన తెలుగు. ఇన్ని భాషల మధ్య పిల్ల బుద్ధి తికమకపడిందని ఒక డాక్టరు అన్నాడు. ఒక్క భాష వినబడే చోట ఉంచాలట. నువ్వొచ్చి తీసుకుపో. అమ్మ దగ్గర రెండేళ్ళుంటే మాట వస్తుంది."

ఉత్తరం అడుగున మా మరదలు శారద చిన్న అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు చేర్చింది. "వదినగారూ, మీరొస్తే నాకు ధైర్యం. దాన్ని తీసుకెళ్ళిపోతే నేనేమైపోతానో తెలియదు." ఈ రెండు ముక్కలూ నేను మా అమ్మకు చదివి వినిపించలేదు. అమ్మ అప్పటికే మనవరాలికని మూడు గౌన్లు కుట్టించి పెట్టింది.

రైల్లో ఎస్తేరమ్మ

సికిందరాబాదులో చిన్న రైలెక్కాలి. పట్టాలు చిన్నవి, పెట్టెలు చిన్నవి, మనుషుల గొంతులు మాత్రం పెద్దవి. నా ఎదుట ఒకామె కూర్చుంది. పేరు ఎస్తేరమ్మ. ఇందూరులో, అంటే నిజామాబాదులో, ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తుందట. ఇందూరన్నది ఆ ఊరి పాత పేరు, ఇప్పటికీ అక్కడివాళ్ళు అలాగే అంటారు. మేడ్చల్ దాటేసరికి ఆమె మూట విప్పి జొన్న రొట్టె, నువ్వుల చట్నీ తీసి నా ఒళ్ళో సగం పెట్టింది. వద్దనే వీలు కూడా ఇవ్వలేదు. మా వైపు రైల్లో పక్కవాళ్ళకు పెట్టాలంటే ముందు కులం, ఊరు, గోత్రం కనుక్కుంటాం. ఆమె నా పేరు కూడా అడగలేదు.

"ఏడికి పోతున్నవక్కా?" అంది, నేను సగం రొట్టె తిన్నాక.

బోధన్ సంగతి, పిల్ల సంగతి, నాలుగు భాషల సంగతి చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాలుగు భాషలకే భయపడుతున్నరా? మా గల్లీల కుక్కకు గూడ మూడు భాషలస్తయి."

"నవ్వకమ్మా, పిల్ల మాట్లాడడమే మానేసింది."

"మా సిన్నోడు మూడేండ్లదాంక అన్నీ కలిపి కొట్టిండు. ఒక్క ముక్కల మూడు భాషలుంటుండె. నేను ఊకున్న. తర్వాత వాడే ఏరుకుండు, బియ్యంల రాళ్లేరినట్టు. తురకోళ్ళతోని గది, మాతోని గిది, అంగట్ల ఇంకోటి."

"నువ్వేమీ నేర్పలేదా?"

"నాకు టైమేడిదక్కా? బువ్వ పెట్టుడే కష్టమైతుంటె, భాష గూడ పెట్టాల్నా?"

పద్దెనిమిదేళ్ళుగా ఒకటో తరగతికి చెబుతున్న మనిషిని, ఊరుకుంటానా? తప్పు మాట వచ్చినప్పుడే దిద్దకపోతే ఆ తప్పే పాతుకుపోదూ అని వాదించాను. ఎస్తేరమ్మ రొట్టె నములుతూ, "పసిపోరలు నడక నేర్సేటప్పుడు పడ్తరు గదా. పడ్డప్పుడల్ల దెబ్బలు కొడ్తరా మీ దిక్కు?" అంది. మిగిలిన రొట్టె తిన్నాను. చట్నీ ఎంత బాగుందంటే, ఓడిపోయినందుకు బాధ కూడా కలగలేదు.

ఇందూరులో ఒక పూట

బోధన్ బస్సు నాకు తప్పిపోయింది. తప్పంతా పసుపుది. స్టేషను నుంచి ఎస్తేరమ్మతో కలిసి రిక్షాలో వెళుతుంటే దారిలో పసుపు అంగడి కనబడింది. కాసేపు చూసి వస్తానని దిగాను. కొమ్ములు రాశులు పోసి ఉన్నాయి, కొన్ని నా మెడదాకా ఉన్నాయి. గాలి పచ్చగా ఉంది. పన్నెండు సార్లు తుమ్మాను. నా తెల్ల చీర అంచు పచ్చబడింది. పెళ్ళివారింటి నుంచి వచ్చినదానిలా తయారై బస్సు దగ్గరికి వెళ్ళేసరికి దాని పొగ కూడా లేదు.

ఎస్తేరమ్మ నన్ను వదల్లేదు. వాళ్ళ ఇంటికి తీసుకుపోయి పుంటికూర పప్పుతో అన్నం పెట్టింది. పుంటికూర అంటే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే మన గోంగూర! నాకు ప్రాణం లేచి వచ్చింది. దారిలో ఇరానీ హోటలులో తాగిన చాయ్ పన్నెండు పైసలు. కొత్త పైసలు వచ్చి ఏళ్ళయినా హోటలాయన మాత్రం "దో ఆనా" అనే అడుగుతాడు. కాఫీ అలవాటైన నాలుకకు ఆ చాయ్ మొదట పాయసంలా అనిపించింది, రెండో కప్పుకు నేనే చెయ్యెత్తాను.

తిన్నాక అరుగు మీద కూర్చుని గల్లీలో ఆడుకుంటున్న పిల్లల్ని చూశాను. సాయిబుల పిల్లలు, హిందువుల పిల్లలు, ఎస్తేరమ్మ మనవలు అందరూ కలిసి గోటీలు, అంటే మన గోలీలు, ఆడుతున్నారు. లెక్క ఉర్దూలో పెడుతున్నారు. పోట్లాట తెలుగులో. ఒకడు ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తి తల్లికి ఫిర్యాదు ఉర్దూలో చెప్పి, బయటికొచ్చి తెలుగులో తిట్టాడు. ఎవరూ ఒక్క క్షణం తడుముకోలేదు. నేను సంచిలోంచి పుస్తకం తీసి గబగబా రాసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ బడిలో ఇంత వేగంగా ఏదైనా నేర్చుకున్న పిల్లను నేను చూడలేదు, ఇక్కడ గల్లీ నిండా ఉన్నారు.

ఒక పిల్లను పిలిచి, "అమ్మాయీ, నీది ఏ భాష?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"నాదా? నేను గౌస్‌తోని ఒక తీరు మాట్లాడుత, అవ్వతోని ఒక తీరు మాట్లాడుత," అని చెప్పి, గోటీ కొట్టే వంతు తప్పిపోతుందని పరిగెత్తింది.

వేలు చూపించే పిల్ల

బోధన్ చేరకముందే ముక్కు చెబుతుంది. చెరుకు మడ్డి వాసన, కాస్త తీపి, కాస్త పులుపు, మెల్లగా తలకెక్కుతుంది. రోడ్డు పొడుగునా చెరుకుబళ్ళు. రెంజల్ వైపు నుంచి వచ్చేవి, ఇంకా అవతల మరాఠీ ఊళ్ళ నుంచి వచ్చేవి, ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ గేటు దాకా నిలబడి ఉంటాయి. పిల్లలు వెనక నుంచి గడలు లాగుతుంటారు. బండివాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

లలిత గుమ్మంలో నిలబడి ఉంది. పెద్ద కళ్ళు, రెండు జడలు. నన్ను చూసి నవ్వింది, నా సంచీ చూసి నవ్వింది, పచ్చబడ్డ చీర అంచు పట్టుకుని చూసింది. ఒక్క మాట లేదు.

భోజనాల దగ్గర సంగతి తెలిసింది. లలిత ఊరగాయ జాడీ వైపు వేలు చూపించింది. శారద అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఏం కావాలి? నోటితో చెప్పు. పూర్తిగా చెప్పు," అంది. మా తమ్ముడు అలమరలోంచి గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. దాని నిండా కలకండ. శుద్ధంగా ఒక వాక్యం చెబితే ఒక పలుకు. ఇక్కడి మాట కలిస్తే పలుకు లేదు, మళ్ళీ చెప్పాలి. ఎనిమిది నెలల కిందట పిల్ల వీధిలోంచి రకరకాల మాటలు తేవడం చూసి వాడు పెట్టిన పద్ధతి అది. పగలంతా చక్కెరలో కల్తీ చూసే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల మాటలో కల్తీ చూడడం మొదలుపెట్టాడు. మొదటి నెల లలిత రోజుకు పది పలుకులు సంపాదించిందట. రెండో నెల నాలుగు. తర్వాత అడగడమే మానేసింది.

ఆ రాత్రి కూడా సీసా వైపు ఒకసారి చూసి, ఊరగాయ లేకుండానే తినేసి లేచిపోయింది.

"చూశావా అక్కయ్యా?" అన్నాడు రామ్మూర్తి. వాడి గొంతులో కోపం లేదు, భయం ఉంది. తండ్రి కదా.

నేనేం తక్కువ తిన్నానా? మర్నాడు పొద్దున్నే బొమ్మల పుస్తకం తీసి, ఆవు బొమ్మ చూపించి, "ఇదేమిటో చెప్పు తల్లీ" అన్నాను. లలిత బొమ్మ వైపు చూసింది. ఆవు ఏమిటో తెలియని ఈ ముసలామె ఎవరు అన్నట్టు నా వైపు చూసింది. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి బయటికి పోయింది. డాక్టరు చెప్పిందే నిజమేమో అనుకున్నాను.

అంగట్లో గొంతు

లలిత పోయేది పక్కింటి జైనబ్ బీ వాకిట్లోకి. జైనబ్ బీకి అరవై దాటాయి. తాతల నాటి నుంచి బోధన్‌లోనే ఉన్న కుటుంబం, గాజుల వ్యాపారం. వారానికోసారి అంగడి రోజున రోడ్డు పక్క దుప్పటి పరిచి గాజులు పెట్టుకుంటుంది. నేను వచ్చిన మూడో రోజు అంగడి. "రా బేటీ, నువ్వు గూడ రా. చెయ్యి ఖాళీగుంది, తొడుగుత," అని నన్నూ లలితనూ వెంటబెట్టుకుపోయింది.

అక్కడి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. చెరుకు నరకడానికి సరిహద్దు అవతల నుంచి మరాఠీ కూలీలు మందలుగా వస్తారు. ఫ్యాక్టరీ అవతల చెరుకాకు గుడిసెలు వేసుకుని నాలుగు నెలలుంటారు. వాళ్ళ ఆడవాళ్ళు అంగడికి వస్తే వెంట ఒక చిన్న పిల్లను తెచ్చుకుంటారు. తల్లి వెనక నిలబడుతుంది, పిల్ల ముందుకొచ్చి బేరం చేస్తుంది. ఉల్లిగడ్డలమ్మే ఆయన పెద్దామె వైపు చూడనే చూడడు, మోకాళ్ళ మీద వంగి ఆరేళ్ళ పిల్లతో, "గంగూ, అవుతలోడు నాకంటె అగ్గువకు ఇస్తడా? పోయి అడిగి రాపో," అంటాడు. పిల్ల పోయి అడిగి వస్తుంది. బేరం తెగేదాకా ఆ పిల్లే పెద్దమనిషి.

ఆ గంగు, తల్లి జైనబ్ బీ దుప్పటి దగ్గరికి వచ్చారు. తల్లి ఆకుపచ్చ గాజులు చూపించి మరాఠీలో ఏదో అంది. గంగుకు తెలుగు వచ్చింది గాని ఉర్దూ ఇంకా అందలేదు. నాతో తెలుగు మాట్లాడే జైనబ్ బీ, గంగు తెలుగులో చెప్పినా చెవి మీద చెయ్యి పెట్టుకుని, నాకేం తెలియదన్నట్టు తల ఊపింది. అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు లేచింది.

సన్నగా, గట్టిగా, గంటలా ఉంది. లలిత! గంగు తల్లితో మరాఠీలో రెండు ముక్కలు, ఇటు తిరిగి జైనబ్ బీతో ఉర్దూలో నాలుగు ముక్కలు, మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. నడుము మీద చెయ్యి. ధర దగ్గర తల అడ్డంగా ఊపి, దుప్పటి మీది గాజులు తానే పక్కకు నెట్టి, పోదాం పదండి అన్నట్టు రెండడుగులు వేసింది కూడా. జైనబ్ బీ పిలిచి ధర తగ్గించింది. గంగు తల్లి నవ్వుతూ గాజులు తొడిగించుకుంది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మూగదవుతుందనుకున్న పిల్ల రెండు పరాయి భాషల మధ్య బండి తోలుతోంది!

వాళ్ళు వెళ్ళాక జైనబ్ బీ నా చెవి దగ్గరికి వంగింది.

"నాకు మరాఠీ రాదనుకున్నవా? నలభై ఏండ్ల సంది వాండ్లకు గాజులు తొడుగుతున్న. నాకు వస్తదని తెలిస్తె పిల్ల ఎందుకు మాట్లాడుతది?"

"అంటే మీరు కావాలనే?"

"గీ అంగట్ల అందరం గంతే. గందుకే పోరలకు అన్ని భాషలస్తయి." ఆమె గాజులు సర్దుతూ గొంతు తగ్గించింది. "ఇంటికి పోయి చెప్పకు బేటీ. చెప్తె మీ తమ్ముడు ఇమ్తహాన్ పెడ్తడు. పరీక్ష. గా పిల్ల మల్ల నోరు మూసుకుంటది."

నేను చేసిన తెలివితక్కువ పని

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు, జైనబ్ బీకి మాత్రం తెలియదు. సాయంత్రం రామ్మూర్తి చెప్పులు విప్పకముందే అంతా చెప్పేశాను. శారద వంటింటి గుమ్మం పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. రామ్మూర్తి మొహం వెలిగిపోయింది. వాడు సంతోషం పట్టలేక ఏం చేశాడనుకున్నారు? సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"లలితా, ఇలా రామ్మా. ఉర్దూలో ఒకటి చెప్పు. మరాఠీలో ఒకటి. ఆ తర్వాత అదే మన తెలుగులో. మూడు పలుకులు ఇస్తాను."

లలిత నా వైపు చూసింది. నేను చెప్పేశానని దానికి అర్థమైంది. ఆ చూపు నేను ఈ జన్మలో మరిచిపోను. మెల్లగా వెళ్ళి మంచం కిందికి దూరింది. అన్నానికి కూడా రాలేదు. మర్నాడు జైనబ్ బీ వాకిట్లోకి కూడా పోలేదు. గంగు వచ్చి కిటికీ దగ్గర పిలిస్తే తల దించుకుంది. ఉన్న రెండు భాషలు కూడా నా పుణ్యమా అని పోయాయి.

"అంగట్లో నాలుగు ముక్కలు అరవడం మాట్లాడడం కాదక్కయ్యా," అన్నాడు రామ్మూర్తి. "కన్నతండ్రితో ఒక్క మాట లేదు. శనివారం బస్సుకు తీసుకుపో." శారద చిన్న ట్రంకు పెట్టె దులిపి, పిల్ల గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

జైనబ్ బీ వాకిట్లో

శుక్రవారం పొద్దున నేను జైనబ్ బీ దగ్గర తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాను. లలిత నా కొంగు పట్టుకుని వచ్చింది, అరుగు చివర ముడుచుకుని కూర్చుంది. జైనబ్ బీ నన్ను తిట్టాల్సినంతా తిట్టి, బియ్యం చెరుగుతూ ఒక పని చెప్పింది. నాలుగిళ్ళ అవతల కోడలి ఇంట్లో జల్లెడ ఉంది, తెచ్చిపెట్టాలి. కోడలికి తెలుగు రాదు. ఉర్దూలో ఎలా అడగాలో ఒక వాక్యం చెప్పింది. నేను మూడుసార్లు వల్లె వేశాను. ఒకటో తరగతి పంతులమ్మను, ఒక వాక్యం రాదా?

మొదటి ఇల్లు దాటేసరికి సగం వాక్యం మిగిలింది. మూడో ఇంటి దగ్గర ఒక మాట మిగిలింది. నాలుగో ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆడవాళ్ళు ఐదారుగురు కూర్చుని ఉన్నారు, అందరూ నా వైపు చూశారు. ఆ మిగిలిన ఒక్క మాట కూడా ఎటో పోయింది. గోడకు జల్లెడ వేలాడుతోంది. నేను వేలు చూపించాను.

వాళ్ళు నవ్వారు. ఎగతాళిగా కాదు, కానీ నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మాట రాక కాదు, మాట తప్పు పోతుందని భయం. అంతే. నలభై రెండేళ్ళ దాన్ని, నాకే ఇలా ఉంటే, అన్నం పళ్ళెం ముందు సీసా పెట్టుకుని కూర్చున్న ఆ పసిదానికి ఎలా ఉండి ఉంటుంది!

నా చేతిలోకి చిన్న చెయ్యి వచ్చింది. లలిత నా వెనకే వచ్చిందని నాకు తెలియదు.

"అత్తా, నీకు రాదా?" అంది. తెలుగులో!

"రాదే."

"ఏం రాదా?"

"ఒక్క ముక్క కూడా రాదు."

అది నన్ను జాలిగా చూసింది. "భయపడకు. నేను చెప్తా. నా ఎన్క అను."

నేను దాని వెనక అన్నాను, తప్పుగానే అన్నాను. లలిత 'తప్పు' అనలేదు. నేను అనబోయిన దాన్ని తాను మళ్ళీ మామూలుగా అని, జల్లెడ తీసుకుని, "ఇగ నడువు," అంది. దారి పొడుగునా నాకు పాఠాలే. మేకను చూపించి ఉర్దూ మాట, చెరుకు చూపించి మరాఠీ మాట, ఏ మాట ఎవరితో అనాలో, ఎవరితో అనకూడదో, గంగు తమ్ముడికి ఇంకా ఒక్కటే భాష వచ్చునని, వాడు చిన్నోడు గనక ఎవరూ నవ్వొద్దని, అంతా తెలుగులోనే. జైనబ్ బీ వాకిలి చేరేసరికి ఆరు నెలల మాటలు ఒక్కసారే వచ్చేశాయి. నేను కొన్ని మాటలు కావాలనే మరిచిపోయాను. కొన్ని నిజంగానే మరిచిపోయాను. మూడోసారి అడిగినా దానికి విసుగు రాలేదు.

నా బల్ల మీద పద్దెనిమిదేళ్ళుగా ఒక రూళ్ళకర్ర ఉంది. ఇంటి మాట బడిలో పలికిన పిల్లల వేళ్ళ మీద అది ఎన్నిసార్లు పడిందో నాకు లెక్కలేదు. వాళ్ళలో ఎంతమంది నా తరగతి గుమ్మం దగ్గర నోరు మూసుకుని ఇంటికి పోయాక విప్పారో! ఆ వాకిట్లో కూర్చుని నేను సిగ్గుపడ్డాను, పైకే చెబుతున్నాను.

సాయంత్రం చాయ్ తాగుతుంటే రామ్మూర్తికి చెప్పాను, ఈసారి పిల్లను జైనబ్ బీ దగ్గర ఉంచి.

"నీతో మాట్లాడింది. సంతోషం. నాతో?" అన్నాడు వాడు.

"నీకు జవాబు తెలిసిన ప్రశ్న దాన్ని ఒక్కటీ అడక్కు రామూ. అంతే."

"నాకు తెలియనిది దానికేం తెలుస్తుందక్కయ్యా?" అని నవ్వాడు. నమ్మలేదు. టిక్కెట్టు మాట, ప్రయాణం మాట మార్చలేదు. శారద మాత్రం లేచి, సీసాలోని కలకండ అంతా వంటింటి డబ్బాలో పోసి, ఖాళీ సీసా కడిగి బోర్లించింది.

బస్సు దగ్గర

శనివారం పొద్దున బస్సు దగ్గరికి నలుగురం వెళ్ళాం. లలితకు నేను తెచ్చిన, మా అమ్మ కుట్టించిన కొత్త గౌను. ట్రంకు పెట్టె శారద చేతిలో ఉంది. లలిత తండ్రి చంకలో ఉంది, మాట్లాడకుండా. నిన్నటి గొంతు మళ్ళీ లోపలికి పోయింది. నా గుండె కూడా దానితోపాటే పోయింది.

రోడ్డు మీద చెరుకుబళ్ళు ఆగి ఉన్నాయి. ఒక బండి ముందుకు కదలాలి, ఎద్దులు కదలడం లేదు. మరాఠీ బండివాడు ఒక ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, చెవి దగ్గర ఏదో అంటున్నాడు. "చల్ మాఝ్యా సోన్యా, చల్." రామ్మూర్తి ఆరేళ్ళుగా ఆ బళ్ళు తెచ్చిన చెరుకులోంచి వచ్చిన చక్కెరనే పరీక్షిస్తున్నాడు, ఒక్క బండివాడితోనూ మాట్లాడి ఎరగడు.

"ఏమంటున్నాడో వీడు, ఆ ఎద్దుతో," అన్నాడు. ఎవరినీ అడగలేదు. తనలో తాను అన్నాడు.

"నా బంగారం, నడువు అంటుండు," అంది లలిత.

వాడు పిల్ల వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. ఆ మొహం నాకు తెలుసు, మాటలో మడ్డి కనబడగానే దిద్దబోయే మొహం అది. శారద నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎద్దునా?" అన్నాడు వాడు, మెల్లగా.

"అవ్, ఎద్దునే. గా రెండోదాన్ని మాత్రం తిడ్తడు. గది పనిదొంగ నాన్నా. మేత కాడనే లేస్తది."

"నిజంగానా? నీకెవరు చెప్పారు?"

"గంగు చెప్పింది. వాండ్ల ఎద్దు గూడ గంతే."

"ఇందూర్! ఇందూర్! ఎక్కుర్రి అమ్మా, జల్ది!" అని కండక్టరు అరిచాడు. నేను ట్రంకు కోసం చెయ్యి చాచాను. శారద ఆ ట్రంకును నాకివ్వలేదు. నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది.

నేను ఒక్కదాన్నే ఎక్కాను.

"పిల్ల గూడ వస్తదంటిరి?" అన్నాడు కండక్టరు.

"రాదు," అన్నాను. ఆ మాట అంత గట్టిగా ఎందుకన్నానో, బస్సులో వాళ్ళందరూ తిరిగి చూశారు.

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి చెయ్యి ఊపాను, పేర్లు పెట్టి పిలిచాను. శారద లేచి నిలబడింది. తండ్రీ కూతుళ్ళలో ఒక్కరూ నా వైపు చూడలేదు. లలిత రెండు చేతులూ గాల్లో తిప్పుతూ బళ్ళ వరస చూపించి ఏదో చెబుతోంది. వాడు చెవి దాని నోటి దగ్గర పెట్టి వింటున్నాడు, ఇంకేదో అడుగుతున్నాడు.